ముందు ఎముకలు, చివర గుల్ల

కారా-బులున్, అట్‌బాషి తాలూకా
2 మార్చి 1996

బురుల్ తల్లికి టోక్తోసున్ మామయ్య సలాం.

ఇక్కడ పశువులూ మనుషులూ బాగానే ఉన్నాం. డొలోన్ కనుమ మీద మంచు తీశారని తెలిసి, బస్సు డ్రైవరు చేత ఈ ఉత్తరం, అట్టల మధ్య పెట్టిన ఒక ఎక్స్‌రే ఫిల్ము, మీ అమ్మ పంపిన ఒక సంచీ ఎండుపెరుగు ఉండలు పంపుతున్నాను. ఉండలు నీకు. ఫిల్ము కూడా నీకే, కానీ అది జాగ్రత్తగా వాడు.

మన పక్కింటి కుల్బారా తెలుసుగా, ఊరంతటికీ నోరైన మనిషి. ఆమెది. యాభై మూడేళ్ళు. ఆకురాలే కాలం నుంచి దగ్గు, సాయంత్రమైతే జ్వరం, నాలుగుసార్లు కఫంలో నెత్తురు జీర. తాలూకా ఆసుపత్రి డాక్టరు ఫిల్మును కిటికీకి ఆనించి, టీ చల్లారేలోపే చెప్పేశాడు: "గుల్ల పడింది. గుల్ల అంటే క్షయే. ఏడాదిపాటు క్షయ ఆసుపత్రిలో పడుకోవాలి." ఆవిడ మాత్రం, "అక్కడికి వెళ్ళి చచ్చేకన్నా నా పొయ్యి దగ్గర చస్తా, కనీసం టీ అయినా వేడిగా ఉంటుంది," అంటోంది.

ముప్ఫై ఏళ్ళు పశువుల డాక్టరుగా గొర్రెల్ని కోసి చూసినవాణ్ణి. నా లెక్కలో గుల్ల అంటే ఒకప్పుడు అక్కడ ఏదో ఉండేదని, ఇప్పుడు లేదని మాత్రమే. ఏముండేదో అడగకుండా పేరెలా పెడతాడు? నువ్వు రాజధానిలో పగలంతా ఇవే చూస్తావు. చూసి చెప్పు. ఆవిణ్ణి పంపాలా వద్దా అన్నది నీ మాట మీద ఉంది.

మీ అమ్మ ఉత్తరం రాయలేదని అలగకు. పనుల్లో ఉంది. నాకేం, రాయిలా ఉన్నాను. గుర్రం ఎక్కేటప్పుడు కుడి పక్కటెముకల కింద కాస్త పట్టేస్తుంది, అంతే. అది గుర్రం తప్పు.

మామయ్య


బిష్కెక్
16 మార్చి

మామయ్యకు బురుల్ సలాం.

ఉండలు మూడు రోజుల్లో అయిపోయాయి, ఫిల్ము మాత్రం ఇంకా నమిలేస్తున్నాను.

మీరు అడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. ఒకప్పుడు ఏముండేది? అదే అసలు ప్రశ్న. ఊపిరితిత్తిలో గుల్ల పడటానికి క్షయ ఒక్కటే దారి కాదు. క్షయకి పై అంతస్తు ఇష్టం, భుజాల కింద, గాలి బాగా ఆడేచోట కాపురం పెడుతుంది. ఈ గుల్ల కింద ఉంది, కుడివైపు, గుండెకి పక్కగా. అక్కడ చీముగడ్డ పగిలి గుల్ల పడొచ్చు. తాగి పడిపోయి, వాంతి ఊపిరిలోకి పోయినవాళ్ళలో చూస్తుంటాం. కుల్బారా పిన్ని తాగదు, పులిసిన గుర్రప్పాల కుమిస్ తప్ప. రక్తనాళంలో నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తి ముక్క చచ్చిపోయి గుల్ల పడొచ్చు. బూజు తెగులూ కావచ్చు. ఇక చివరిది, లోపల కుళ్ళిన క్యాన్సర్ గడ్డ.

మేం గోడ చూస్తాం మామయ్యా. గోడ కాగితమంత పల్చగా ఉంటే సగం భయం పోతుంది. వేలంత మందంగా, లోపలి అంచు కొరికిన రొట్టెలా గరుకుగా ఉంటే భయపడతాం. ఈ గోడ మందంగానే ఉంది. ఫిల్ము మసకగా తీశారు, అందుకని ఖాయంగా చెప్పను. కఫం మూడు రోజులు వరసగా పరీక్ష చేయించండి. క్షయ పురుగు అంత పెద్ద గుల్లలో ఉంటే కఫంలో దొరక్క మానదు.

మా ప్రొఫెసరమ్మ ఒక నియమం పెట్టేది: ముందు ఎముకలు చూడు, తర్వాత మూలలు చూడు, గుల్ల చివర చూడు, ఎందుకంటే గుల్ల కంటిని మింగేస్తుంది. ఈ ఫిల్ము అలా నన్ను మింగేసింది. పెట్టెలో లైటు వెయ్యగానే దాని మీదే పడ్డాను.

మీరు అడిగారు కాబట్టి నిజం చెప్తాను. ఇది నాకు మంచి నీడలా అనిపించడం లేదు. ఆమె పిల్లలెవరైనా దూరాన ఉంటే ఒకసారి వచ్చి చూసి వెళ్ళమనండి.

అమ్మని అడిగానని చెప్పండి. మీ గుర్రాన్ని కూడా.

బురుల్


కారా-బులున్
9 ఏప్రిల్

బురుల్‌కి,

"పిల్లలెవరైనా ఉంటే వచ్చి చూసి వెళ్ళమనండి." బాగా రాశావు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను, ఐదోసారి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. చావు కబుర్లు ఇంత చదునుగా చెప్పడం మీకు ఆ కాలేజీలో నేర్పుతారా? మన దగ్గర గుర్రం చచ్చిందని చెప్పాలన్నా ముగ్గురు ముసలాళ్ళు కూర్చుని, ముందు వాతావరణం గురించి మాట్లాడతారు.

సరే, కోపం అయిపోయింది. కఫంలో మూడుసార్లూ ఏమీ దొరకలేదు. డాక్టరు మాత్రం, "ఈసారి దొరకలేదంటే వచ్చేసారి దొరుకుతుంది," అంటున్నాడు. అదీ కాకపోతే పక్కటెముకల మధ్య పెద్ద సూది గుచ్చి, లోపల ఏముందో లాగి చూస్తాడట.

ఇప్పుడు నేనొకటి అడుగుతా, నవ్వకు. గొర్రె ఊపిరితిత్తి కోస్తే ఎన్నోసార్లు నీటితిత్తులు కనపడతాయి. కోడిగుడ్డంత, ఒక్కోసారి పిడికిలంత. పైన దళసరి తోలు, లోపల తెల్లటి పల్చని పొర, అందులో కన్నీళ్ళలా స్వచ్ఛమైన నీరు. కుక్క కడుపులోని బద్దెపురుగు గుడ్లు గడ్డి మీద పడి, గొర్రె కడుపులోకి పోయి అలా తయారవుతాయి. ఆ ఊపిరితిత్తిని కుక్క తింటే మళ్ళీ మొదటికి. అందుకే ముప్ఫై ఏళ్ళూ ప్రతి కాపరి గడప దగ్గరా అరిచాను, "కుక్కకి ఎముక వేయండి, ఊపిరితిత్తి వేయకండి" అని. సమష్టి వ్యవసాయ క్షేత్రం ఉన్నన్నాళ్ళూ కుక్కలకి నెలనెలా పురుగు మాత్రలు వేసేవాణ్ణి. ఇప్పుడు క్షేత్రమూ లేదు, మాత్రలూ లేవు, కుక్కలు మాత్రం రెట్టింపయ్యాయి.

మనుషుల్లో కూడా ఆ తిత్తి వస్తుందని తెలుసు. అది పగిలితే నీ ఫిల్ములో ఎలా కనపడుతుంది? గుల్లలా కనపడే వీలుందా? బాగా ఆలోచించి రాయి. తొందరేమీ లేదు అని రాద్దామనుకున్నాను, కానీ ఉంది.

మామయ్య


బిష్కెక్
20 ఏప్రిల్

మామయ్యా,

తిట్టారు, బాగుంది. ఆ వాక్యం రాసిన రోజు నలభై ఫిల్ములు చదివాను. అది కారణం, సాకు కాదు. కుల్బారా పిన్నికి చెప్పలేదు కదా?

నవ్వలేదు, పైపెచ్చు రెండు రాత్రులు పాత ఫిల్ముల బీరువా తవ్వాను. మీ ప్రశ్న సరైన ప్రశ్న, నేను వేసుకోవలసింది. నీటితిత్తి పగలకుండా ఉంటే గుల్లలా కనపడదు. కంపాసు పెట్టి గీసినట్టు గుండ్రటి తెల్లటి బంతిలా కనపడుతుంది. అది పెరిగి పెరిగి ఒక గాలిగొట్టాన్ని ఒరుసుకుంటే గాలి లోపలికి దూరుతుంది. ముందు బంతి నెత్తిన నెలవంకంత నల్లటి గీత. తర్వాత నీరు దగ్గులో బయటికి పోతుంది. అప్పుడు మిగిలేది గుల్లే. చుట్టూ వాపు ఉంటే గోడ మందంగానే కనపడుతుంది. అంటే నేను చూసి భయపడ్డ గోడ, వాచిన గోడ కావచ్చు.

కావచ్చు అంటున్నాను, అవును అనడం లేదు. నాకు మూడు కావాలి.

ఆమెను నెమ్మదిగా అడగండి: ఎప్పుడైనా ఒక్కసారిగా నోటినిండా నీళ్ళు దగ్గిందా? రుచి ఎలా ఉంది? నీళ్ళతోపాటు పొరలేమైనా పడ్డాయా? సిగ్గుపడి దాచి ఉంటుంది, మీరే తవ్వాలి.

ఇంకో ఫిల్ము తీయించండి, నిలబెట్టి. మొదటిది పడుకోబెట్టి తీసినట్టుంది. మనిషి నిలబడితేనే లోపలి నీరు మట్టంగా నిలబడి, దాని పైన ఏముందో చెప్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, సూది గుచ్చనివ్వకండి. అది నిజంగా తిత్తే అయితే, సూది తగిలి ఆ నీరు ఛాతీలోకి కారితే, మనిషి బల్ల మీదే ఊపిరాడక పోవచ్చు. బతికినా, ఒక తిత్తి పది తిత్తులవుతుంది. డాక్టరు చేతిలోంచి సూది లాక్కోవలసి వస్తే లాక్కోండి. ఎద్దుల్ని పట్టినవారు, డాక్టర్ని పట్టలేరా?

బురుల్

అమ్మ ఒక్క ముక్కైనా ఎందుకు రాయడం లేదు?


కారా-బులున్
12 మే

బురుల్ తల్లికి,

డాక్టర్ని పట్టాను. సూది పట్టుకుని వస్తే తలుపుకి అడ్డంగా నిలబడి, "ముందు నాకు గుచ్చు, నాలోంచి ఏం వస్తుందో చూద్దాం," అన్నాను. నీ ఉత్తరం చూపించాను. మంచివాడే, పాపం కుర్రాడు, ఒక్కడే నాలుగు ఊళ్ళకి. కూర్చుని నీ ఉత్తరం రెండుసార్లు చదివి, "ఇది నాకెవరూ చెప్పలేదే," అన్నాడు. ఫిల్ము తనే తీశాడు, నిలబెట్టి. పంపుతున్నాను.

ఇక నీ ప్రశ్న. ముందు "అలాంటిదేం లేదు" అంది. నేను కదల్లేదు. టీ పోసింది, తాగాను. మళ్ళీ పోసింది, మళ్ళీ తాగాను. ఆరో గిన్నెకి చెప్పింది.

ఫిబ్రవరిలో, తెల్లారి ఆవు దగ్గర కూర్చుని పాలు పితుకుతుంటే దగ్గు తెర వచ్చిందట. నోటినిండా నీళ్ళు, చన్నీళ్ళలా పల్చగా, ఉప్పగా. "ఎవరో ఇస్సిక్-కుల్ సరస్సు తెచ్చి నోట్లో పోసినట్టుంది," అంది. నీళ్ళతో పాటు తెల్లటి పొరలు, ఉడికించిన గుడ్డు పెంకు లోపలుంటుందే, ఆ పొర లాంటివి. ఊపిరితిత్తే ముక్కలై వస్తోందనుకుంది. ఎవరికీ చెప్పకుండా బూడిదలో పూడ్చి, పాలచెంబు తీసుకుని లోపలికి వచ్చి అందరికీ టీ కాచింది. అడిగితే ఏమందో తెలుసా? "చెప్తే మీరేమన్నా తిరిగి లోపల పెడతారా?"

ఉప్పన, బురుల్. గొర్రె తిత్తిలో నీళ్ళు కూడా ఉప్పగానే ఉంటాయి. నాకెలా తెలుసని అడగకు, కుర్రతనంలో అన్నీ రుచి చూశాం.

ఫిల్ము చూసి వెంటనే రాయి.

మామయ్య


బిష్కెక్
19 మే

మామయ్యా,

ఈసారి ప్రొఫెసరమ్మ చెప్పిన వరసలోనే చూశాను. గుల్లని అరచేత్తో మూసి, ముందు ఎముకలు చూశాను.

మెడ కింద ఎడమవైపు కాలర్ ఎముక మధ్యలో విరిగి, ఒకదాని మీదికొకటి ఎక్కి అతుక్కుంది. బఠాణీ గింజంత బొడిపె. నేను పుట్టకముందు బూడిదరంగు గుర్రం మీంచి పడి విరగ్గొట్టుకున్న ఎముక అది. ఆ బొడిపె మీద తల పెట్టుకునే ఆరేళ్ళు నిద్రపోయాను. చీకట్లో తడిమినా గుర్తుపడతాను.

కుల్బారా పిన్ని ఎప్పుడూ గుర్రం మీంచి పడలేదు. అది అమ్మ.

మొదటి ఫిల్ము మళ్ళీ తీశాను. అందులోనూ ఉంది, పై అంచున, మసగ్గా. నేను చూడలేదు. చూడకుండా "మంచి నీడ కాదు, పిల్లల్ని పిలవండి" అని రాశాను. పిల్లల్ని అని. నన్నే.

మీ మీద ఎంత కోపంగా ఉందో రాయడానికి కాగితం చాలదు. నెలల తరబడి నాకు వేరే మనిషి పేరు చెప్పారు. నేను చేతులు కట్టుకుని, పాఠం చెప్పినట్టు, ఆసక్తిగా, అవును ఆసక్తిగానే, మా అమ్మ గురించి రాశాను.

చేయి తీసి గుల్ల చూశాను. కోడిగుడ్డు కన్నా పెద్దది, గోడ ఇప్పుడు పల్చగా, సగం నీరు. మామూలు చీముగడ్డలో నీటి మట్టం గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఇది తిన్నగా లేదు. కాచిన పాల మీద మీగడ ముడతపడి తేలినట్టు, నీటి మీద నలిగిన పొర తేలుతోంది. ఏడేళ్ళలో పుస్తకంలో తప్ప చూడలేదు. లైటు పెట్టె ముందు నిలబడి గట్టిగా అరిచాను, నర్సు పరుగెత్తుకొచ్చింది. సంతోషంతో అరిచానో ఏడ్చానో నాకూ తెలియదు. క్షయ కాదు. క్యాన్సర్ కాదు. మీ నీటితిత్తి. కోసి తీసేయొచ్చు.

శస్త్రచికిత్స చేసేవారితో మాట్లాడేశాను. ఆదివారం బస్సుకి అమ్మని పంపండి. అమ్మ పేరుతో.

బురుల్


కారా-బులున్
28 మే

బురుల్ తల్లికి,

మీ అమ్మ ఈపాటికి నీ దగ్గర కూర్చుని, నీ కాఫీ పనికిరాదని చెప్తూ ఉంటుంది. అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నాను.

పేరు మార్చడం నా ఆలోచనే. అక్క "పిల్లకి చెప్పొద్దు" అంది, అది ఆమె మాట. కానీ చెప్పకుండా నీ కళ్ళు ఎలా అరువు తెచ్చుకోను? తల్లి ఫిల్ము అని తెలిస్తే నువ్వు ఫిల్ము చూడవు, తల్లిని చూస్తావు. నీళ్ళు నిండిన కళ్ళకి నీడలు సరిగ్గా కనపడవు. కుల్బారాని అడిగితే, "పేరే కదా, తీసుకో, ఇంట్లో ఊరికే పడుంది," అంది. ఆసుపత్రి చీటీలోనూ ఆ పేరే రాయించాను. తర్వాత నర్సు సీసా పట్టుకుని ఆమె గడపకే వెళ్ళి కఫం ఇమ్మంటే, కర్ర తీసుకుని వెంటపడింది. "పేరిచ్చాను గానీ ఉమ్ము ఇస్తానన్నానా!" అంటూ. ఊరంతా నవ్వారు, మీ అమ్మ దగ్గు వచ్చేదాకా నవ్వింది.

ఇంకొకటి ఉంది. అది ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

నీకు తొమ్మిదేళ్ళప్పుడు జ్వరం వచ్చింది, గుర్తుందా? పన్నెండు రోజులు. సూదులు వేసినా దిగలేదు. మీ అమ్మ ముసలాళ్ళ మాట విని, గొర్రెని కోసి, వేడి ఊపిరితిత్తితో నీ వీపు మీద కొట్టించింది, రోగం అందులోకి దిగాలని. ఆ తర్వాత దాన్ని కుక్క తినాలి. తింటేనే రోగం కుక్కతో పోతుంది. ఆ గొర్రెని కోసింది నేను. ఊపిరితిత్తి తీయగానే చూశాను, రెండు నీటితిత్తులు, గుడ్డంతవి. పక్క ఊరిలో పొద్దున్నే, "ఊపిరితిత్తి కుక్కకి వేస్తే జరిమానా" అని అరిచి వచ్చిన మనిషిని. కాల్చేద్దాం అన్నాను. అక్క నా చేయి పట్టుకుంది. "నీ చదువు రేపు చదువుకో. ఈ రోజు నా పిల్ల." నువ్వు మైనంలా పడి ఉన్నావు. నేను నోరు మూసుకున్నాను. మీ కుక్క బోయ్‌నోక్ తోక ఊపుతూ వచ్చింది. నా చేత్తోనే వేశాను.

మర్నాడు నీ జ్వరం దిగింది. సూదుల వల్లో, దేని వల్లో. బోయ్‌నోక్ ఆ చలికాలమంతా మీ అమ్మ పక్కలో పడుకుంది, పాలు పితికే చేతుల్ని నాకింది. మాత్ర ఒకటి వేద్దామని రెండుసార్లు సంచీ తెరిచాను. వేస్తే ఎందుకని అడుగుతారు, అడిగితే చెప్పాలి. వెయ్యలేదు. మొదటి ఫిల్ము తీయకముందే, అక్క దగ్గు విన్న రోజునే నాకు ఆ రెండు తిత్తులు కళ్ళముందు కనపడ్డాయి. అందుకే "గుల్ల అలా పడుతుందా" అని అంతగా అడిగాను. నీకు అది తెలివిగా కనపడి ఉంటుంది. అది తెలివి కాదమ్మా.

ఇది అక్కకి చెప్తావో లేదో నీ ఇష్టం.

టోక్తోసున్


బిష్కెక్
7 జులై

మామయ్యకు,

చెప్పాను. శస్త్రచికిత్స అయిన పదో రోజున, దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి, మీ ఉత్తరం మొత్తం చదివాను. తిత్తి చిందకుండా శుభ్రంగా తీశారు, కుడి ఊపిరితిత్తి మళ్ళీ విచ్చుకుంటోంది. ఇంకొన్ని నెలలు మాత్రలు వేసుకోవాలి. తీసిన పొరని గాజు గిన్నెలో పెట్టి నాకు చూపించారు. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. అంత తెల్లగా, అంత అందంగా ఉంటుందనుకోలేదు.

అమ్మ కళ్ళు మూసుకుని విన్నది. నిద్రపోయిందనుకున్నాను. అప్పుడు అంది: "వాడు చూశాడా ఆ తిత్తుల్ని? నేనూ చూశాను. వాడొక్కడికే కళ్ళున్నాయనుకుంటున్నాడా?" దిండు సర్దుకుని, "రెండు కాదు, ఇరవై ఉన్నా కొట్టించేదాన్ని. పిల్ల లేచి కూర్చుని రొట్టె అడిగింది. వాడికి రాయి, ఇరవై ఏళ్ళు ఒక్కడే మోసినందుకు సిగ్గులేదా, నాకు సగం ఇవ్వాల్సింది అని."

నేను డాక్టరుగా ఒక మాట కలుపుతాను. గుల్ల ఏముండేదో చెప్తుంది, ఎవరు తెచ్చారో చెప్పదు. మన ఊళ్ళో ప్రతి కుక్కా బోయ్‌నోకే. అమ్మ యాభై ఏళ్ళలో ఎన్ని కుక్కల్ని నిమిరిందో. ఆ కుక్కే అని ఏ ఫిల్మూ సాక్ష్యం చెప్పలేదు. కాదని కూడా చెప్పలేను. మిమ్మల్ని ఓదార్చడానికి అబద్ధం రాయను, మన మధ్య ఇకముందు అది వద్దు. నాకు మీ మీద కోపం పోయింది. ప్రేమ పోలేదు, ఎప్పుడూ.

ఆ కుక్కతో అందరికన్నా ఎక్కువ పొర్లింది నేను. అందుకే నేనూ ఫిల్ము తీయించుకున్నాను. ఎముకలు చూశాను, మూలలు చూశాను, చివర మిగతాది చూశాను. శుభ్రంగా ఉంది. కాలేయం స్కానింగ్ చేయించాను, అదీ శుభ్రమే.

ఇప్పుడు మీ సంగతి. ఈ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను, ఈసారి నా వరసలో, గుల్లని మూసి, అంచులు ముందు. మార్చి ఉత్తరం చివర ఒక వాక్యం దొరికింది. "కుడి పక్కటెముకల కింద కాస్త పట్టేస్తుంది, అది గుర్రం తప్పు." కుడి పక్కటెముకల కింద ఉండేది గుర్రం కాదు మామయ్యా, కాలేయం. ఈ తిత్తికి ఊపిరితిత్తి కన్నా ఇష్టమైన ఇల్లు అది.

వచ్చేయండి. అమ్మ కూడా రమ్మంటోంది.

బురుల్


కారా-బులున్
15 జులై

బురుల్‌కి,

మా తాలూకా డాక్టరు నా ఛాతీ ఫిల్ము తీశాడు, నిలబెట్టి. డ్రైవరు చేత పంపుతున్నాను. పొట్ట స్కానింగ్ అక్కడే కాబట్టి ఆదివారం బస్సుకి నేనూ వస్తున్నాను. పచ్చిక మైదానంలో కుమిస్ బాగా పులిసింది, తోలుసంచీ నిండా తెస్తాను. అక్క ఇంటికొచ్చాక గొర్రెని కోస్తాం. ఆనవాయితీ ప్రకారం ఆవిడ వీపు మీద కొట్టాలని ముసలమ్మలు పట్టుబడుతున్నారు, సరే కొట్టనీ. ఊపిరితిత్తి మాత్రం నేనే తీసుకుని పొయ్యిలో వేస్తాను, అందరూ చూస్తుండగా. కుక్కకి ఎముక.

గుర్రాన్ని క్షమాపణ అడిగాను. తల తిప్పేసుకుంది.

ఫిల్ము మీద పేరు రాస్తుంటే కుల్బారా వచ్చి, "నా పేరు మగాడికి పనికిరాదు గానీ, మా ఆయన పేరు తీసుకో, ఆయనెలాగూ వాడట్లేదు," అంది. వద్దన్నాను.

టోక్తోసున్, అరవై ఒక్క ఏళ్ళు, పశువుల డాక్టరు. పేరు నాదే. ముందు ఎముకలు చూడు.